సడ్డకుని నంబరు

మా సడ్డకుడిది, అంటే నా భార్య చెల్లెలి భర్తది, దాదాపు నా వయసే. జుట్టు మాత్రం ఒత్తుగా ఉంటుంది. ఊడకుండా మూడేళ్లుగా గోళీ వేసుకుంటున్నాడని మా మరదలే మురిపెంగా చెప్పేది. ఖైరతాబాద్‌లో వాళ్లింటికి పోయినప్పుడల్లా మా ఆవిడ ముందు ఆ జుట్టును, తర్వాత నా బట్టతలను చూసేది.

నిరుడు ఇద్దరం నాంపల్లిలో ఒకే ల్యాబ్‌లో ప్రొస్టేట్ పరీక్షకు రక్తమిచ్చాం. యాభై దాటిన మగవాళ్లకు క్యాన్సర్ జాడ ముందే తెలియడానికి చేసే పరీక్ష అది. నాలుగు లోపుంటే మామూలే, దాటితేనే అనుమానించాలన్నారు. అతనికి 2.4 వచ్చింది, నాకు 3.6.

"లెక్కల నువ్వే ముందుంటవ్ గదా అన్నా" అన్నాడు నవ్వుతూ.

అబిడ్స్‌లో బట్టల దుకాణం లెక్కలు చూసేవాణ్ణి, ఆ తేడా నాకు మింగుడుపడలేదు. షుగరు పరీక్షకు ముందు మావాళ్లు చేసినట్టే రెండు వారాలు అన్నం మానేసి, మళ్లీ రక్తమిచ్చాను. అదే 3.6.

డాక్టరు నవ్వాడు. "అన్నం మానేస్తే తగ్గేది కాదిది. మందులేమన్నా వాడుతున్నారా? జుట్టు ఊడకుండా వేసుకునే గోళీలు?" అని నా తల చూసి, "మీకెందుకులెండి. అవి వాడేవాళ్లకు ఈ నంబరు సగమే కనబడుతుంది. మేం రెట్టింపు చేసి చూస్తాం" అన్నాడు.

మెట్ల మీదే లెక్క కట్టాను. 4.8. నాకంటే ఎక్కువేనని ముందు సంతోషమైంది. ఆ తర్వాత భయమేసింది.

వెంటనే ఫోన్ చేశాను. "తమ్మీ, గోళీ సంగతి డాక్టరుకు చెప్పినవా?"

"ఏందన్నా, మొన్నటిదాంక జుట్టు మీద ఏడ్చినవ్, ఇప్పుడు నంబరు మీద ఏడుస్తున్నవా?"

"ఔ, ఏడుస్తున్న. జర నాతోని రా. ఏం లేదంటే నీ జుట్టు ఊసే ఎత్తను."

మర్నాడు ఆటోలో నేనే తీసుకుపోయాను. స్కానింగ్ చేశారు, ముక్క తీసి చూశారు. క్యాన్సరే, కానీ గ్రంథి దాటలేదు. ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగున్నాడు. నన్ను ఏడాదికోసారి చూపించుకోమన్నారు.

చూడ్డానికి చుట్టాలంతా వచ్చారు. "మొదట్లనే పట్టుకున్న. మనిషికి జాగర్త ఉండాలె" అని దిండుకు ఆనుకొని అందరికీ చెప్పాడు. మా ఆవిడ బత్తాయి రసం గ్లాసు అతని చేతికిచ్చి, నా వైపు తిరిగి, "జూసి నేర్చుకోన్రి" అంది.

గోళీ సంగతి అతను ఎత్తలేదు. బతికి బయటపడ్డ మనిషి ముందు నేనూ ఎత్తలేకపోయాను.