వెలికా నొక్కని లింకు

స్టొయిమెన్ మా గదిలో కిటికీ పక్కన కూర్చునేవాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. వయసులో ఉండగా ప్లొవ్‌దివ్ నగరపు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో తీగలు కలిపేవాడు. అది మూతపడ్డాక మా డయాలసిస్ కంపెనీలో చేరాడు. కంపెనీకి వచ్చే మెయిళ్లలో మోసపు లింకులు జొరబడకుండా కాపలా కాసే వ్యవస్థ ఆయన చేతిలో ఉండేది. దాని లోతుపాతులు తెలిసినవాడు ఆయనొక్కడే.

రెండేళ్ల కిందట ఒక సంఘటన జరిగింది. మా డైరెక్టర్ రంగెలొవ్ ఫోన్ చేసి, తనకు తెలిసిన ఒక సంస్థ మెయిళ్లను తనిఖీ లేకుండా వదలమన్నాడు. స్టొయిమెన్ వదిలాడు. నెల తిరగకుండా ఆ దారినే మోసపు మెయిల్ వచ్చి మూడు రోజులు మా కంప్యూటర్లన్నీ స్తంభించిపోయాయి. విచారణలో రంగెలొవ్ "నేనెప్పుడు చెప్పాను?" అన్నాడు. హెచ్చరిక కాగితం స్టొయిమెన్ చేతికి వచ్చింది. అప్పటి నుంచి సంతకం లేనిదే ఎవరికీ మినహాయింపు ఇవ్వనని ఆయన భీష్మించుకున్నాడు.

ఈ వసంతంలో మాకు డయాలసిస్ ద్రవాలు పంపే సరఫరాదారు పద్ధతి మార్చాడు. అంతకుముందు ఆర్డరు ఫోన్‌లో ఖాయం చేసేవాళ్లం. ఇప్పుడు మెయిల్‌లో రెండు లింకులు వస్తాయి. ఒకటి నొక్కితే ఆర్డరు ఖాయం, రెండోది నొక్కితే రద్దు.

ఈ పద్ధతి ముందుగా స్మొల్యాన్ కొండల్లోని మా శాఖకు పెట్టారు. అక్కడ మొదటి రెండు ఆర్డర్లూ రద్దయ్యాయి. రెండోసారి ద్రవాలు నిండుకుని, ఆరుగురు రోగుల్ని అంబులెన్సుల్లో మలుపుల రోడ్డు మీద రెండు గంటలు ప్లొవ్‌దివ్ దాకా తీసుకురావలసి వచ్చింది. ఒక ముసలామె దారి పొడవునా వాంతులు చేసుకుంది. సరఫరాదారును అడిగితే, రద్దు లింకు మీ దగ్గరే తెరుచుకుందన్నాడు. నిజమేనా అని రంగెలొవ్ స్టొయిమెన్‌ను అడిగాడు. ఆయన రికార్డు చూసి ఒక్క వాక్యం రాసిచ్చాడు: "లింకు మన కంపెనీ చిరునామా నుంచే, హెడ్ నర్సు వెలికా మెయిల్ ద్వారా తెరుచుకుంది."

ఆ వాక్యం చాలింది. పంతొమ్మిదేళ్లుగా ఆ శాఖను నడిపిన వెలికాను హెడ్ నర్సు పని నుంచి తప్పించి, ఆర్డర్ల బాధ్యత ఇంకొకరికి అప్పగించారు. ఆమె స్టొయిమెన్‌కు ఫోన్ చేసింది. స్పీకరులో పెట్టాడు కాబట్టి నాకూ వినపడింది.

"అన్నా, నేను నొక్కలేదు. నా పిల్లల మీద ఒట్టు."

"రికార్డులో ఉన్నదే రాశానమ్మా."

"రికార్డుకి నేను తెలుసా? నీకు తెలుసు కదా నేను."



రెండు వారాలకు ఆర్డరు మూడోసారి రద్దయింది. ఈసారి నొక్కాల్సింది కొత్తగా వచ్చిన నర్సు. రంగెలొవ్ తొణకలేదు. "ఆవిడ నేర్పిన పనే కదా, అలాగే ఏడుస్తుంది" అన్నాడు. స్టొయిమెన్ మాత్రం ఆ రోజు భోజనానికి లేవలేదు. బనిత్సా అనే జున్ను రొట్టె ముక్క పక్కన పెట్టుకుని పాత రికార్డు మళ్లీ తెరిచాడు. ఈసారి గంటలూ సెకన్లూ చూశాడు. మెయిల్ వచ్చిన మూడో సెకనుకు ఖాయం లింకు, నాలుగో సెకనుకు రద్దు లింకు తెరుచుకున్నాయి. మూడుసార్లూ అంతే.

"ఇలా రా, నా చేతులు చూడు" అని నన్ను పిలిచాడు. అలాంటిదే ఒక మెయిల్ బయటి నుంచి తనకు తానే పంపుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మూడు సెకన్లు, నాలుగు సెకన్లు. తెర మీద రెండు లింకులూ తెరుచుకున్నట్టు పడింది. ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. లింకులో మోసం ఉందేమోనని మా కాపలా యంత్రమే, మనిషి కంటే ముందు, ప్రతిదాన్నీ తెరిచి చూస్తోంది. అలా చూడటమే నొక్కినట్టయి, ఖాయమైన ఆర్డరు మరు సెకనుకే రద్దయిపోతోంది.

"నేనే ఆమె మెడకు ఉరితాడు బిగించాను" అన్నాడు.

మర్నాడు రంగెలొవ్ దగ్గరికి వెళ్లాడు. సాక్ష్యం కోసం నన్నూ తీసుకెళ్లాడు.

"ఆ సరఫరాదారు మెయిళ్లకి తనిఖీ తీసెయ్యాలి సార్. సంతకం పెట్టండి."

"నేను పెట్టను. పోయినసారి ఏమైందో మర్చిపోయారా?"

"మరి ఆర్డర్లు?"

"అది మీ పని. యంత్రం మీది కదా."

"పోనీ వెలికా విషయమన్నా సరిచెయ్యండి."

"తప్పు కాగితం మీరు రాశారు. నన్ను సరిచెయ్యమంటారేంటి?"

స్టొయిమెన్ సరఫరాదారుకు ఫోన్ చేశాడు. లింకు తెరవగానే కాకుండా, లోపలి పేజీలో ఇంకో బటన్ నొక్కితేనే ఖాయమయ్యేలా మార్చమని బతిమాలాడు. మంచి సలహానే, శరదృతువులో చూస్తామన్నారు. అందాకా ఫోన్‌లో ఆర్డరు తీసుకోమంటే ఆ పద్ధతి ఎత్తేశామన్నారు. తదుపరి ఆర్డరు గురువారం ఉంది.

బుధవారం స్టొయిమెన్ రెండు పనులు చేశాడు. వెలికా ఏ లింకూ నొక్కలేదనీ, తన పాత వాక్యం తప్పనీ రాసి, రంగెలొవ్‌తో పాటు అన్ని శాఖలకూ పంపాడు. తర్వాత ఆ ఒక్క చిరునామాకు మినహాయింపు ఇచ్చి, అనుమతించిన వారి పేరు రాయాల్సిన గడిలో తన పేరే రాసుకున్నాడు. రాసేముందు చాలాసేపు ఆ ఖాళీ గడి వంక చూస్తూ కూర్చున్నాడు.

గురువారం ఆర్డరు ఖాయమైంది. శుక్రవారం రెండో హెచ్చరిక కాగితం వచ్చింది. ఉద్యోగం మాత్రం పోలేదు.

"తీసేస్తే ఆ యంత్రాన్ని ఎవరు చూస్తారు?" అని రంగెలొవ్ నవ్వాడు. "కానీ ఆ దారిన ఏమొచ్చినా బాధ్యత మీదే."

ఆ మాట స్టొయిమెన్‌ను కుర్చీకి కట్టేసింది. ఆ చిరునామా నుంచి వచ్చే ప్రతి మెయిల్‌నూ ముందు తన దగ్గర ఆపుకుని, స్వయంగా చదివి, అప్పుడు శాఖలకు వదులుతున్నాడు. జ్వరంతోనూ వచ్చాడు. వేసవిలో పొమోరియె సముద్రతీరానికి ఆయన భార్య, ఆయనకు బదులు తన చెల్లెల్ని తోడు తీసుకుని వెళ్లింది. ఎవరికైనా నేర్పమని నేనంటే, "ఈ తలనొప్పి ఎవరు తీసుకుంటారు? నువ్వు తీసుకుంటావా?" అన్నాడు. నేను నా బల్ల దగ్గరికి వెళ్లిపోయాను.

శరదృతువు వచ్చింది. సరఫరాదారు మార్పును వచ్చే ఏటికి వాయిదా వేశాడు.

వెలికాను చివరికి తిరిగి హెడ్ నర్సును చేశారు. ఆ వారం ఆమె ఫోన్ చేసింది.

"నీ కాగితం అప్పుడే చదివానన్నా. అందరికీ పంపావు, సంతోషం. కానీ ముందు నేనే నొక్కానని రాసింది నువ్వే."

"అవునమ్మా."

"నీ కాగితం వచ్చేదాకా వార్డులో నా మొహం ఎవరూ చూడలేదు."

"తెలుసు."

తర్వాత ఆమె, "రేపటి ఆర్డరు మెయిల్ వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చింది, చదువుతున్నాను. లైన్లో ఉండు" అన్నాడు స్టొయిమెన్, కళ్లజోడు సవరించుకుంటూ.