అడ్డంగా ఉన్నవన్నీ

నిన్న మా వీధి కాఫీ హోటలువారు పక్క రెండు కొట్లూ కలిపేసుకుంటూ ‘విస్తరణ పనులు జరుగుచున్నవి, అసౌకర్యానికి మన్నించండి’ అని బోర్డు కట్టారు. అది చదవగానే ఎన్నాళ్ళనాటిదో ఎంగిలాకుల కంపు గుప్పున వచ్చి నా ముక్కులో కాపురం పెట్టింది.

అరవైల మొదట్లో, నెల్లూరుకి తూర్పున సముద్రం పక్కనున్న మా ఊరి బజారులో, లావుపాటి మనుషులిద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి నడవాల్సినంత ఇరుకు సందు ఉండేది. అందులో మా నాయన కొలిమి గుంట తవ్వుకుని ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. పక్కనున్న భోజన హోటలు మేడ లేపుతోందని తెలిసిన రోజు మా ఇంట్లో రంజాను రెండోసారి వచ్చింది. మేడంటే మరిన్ని వంట గుండిగలు, గుండిగలంటే కళాయి అని ఆయన ఆశ.

మేడ లేచింది. గుండిగల కన్నా ముందు ఎంగిలాకులు వచ్చాయి, పెంచలకోన కొండంత పెరిగాయి, వాటికోసం అల్లూరు గేదెలు సైతం బంధువులను వెంటబెట్టుకుని విచ్చేశాయని నా గట్టి నమ్మకం. కట్టెల బండ్లు, బియ్యం బండ్లు పొద్దస్తమానం సందుకి బిరడాల్లా నిలబడేవి. కుడితినీళ్ళు పారి కొలిమి ఆరిపోయేది. గిన్నెలు తెచ్చే ఆడవాళ్ళు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి మళ్ళేవారు. కొలిమిని చూసి మా ఇంటి పొయ్యి కూడా ఆరడం నేర్చుకుంది.

చివరకు సందువాళ్ళంతా పంచాయతీ ఆఫీసుకి అర్జీ పెడదామన్నారు. ముత్యాలను వరసకట్టి కూర్చోబెట్టే చేతిరాత నాది గనక కలం నాకే ఇచ్చారు. హోటలు పేరు రాయబోతుంటే నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

“పేరు మాత్రం రాయబాకరా. రేపు ఆయన గుండిగలు మనమే గదా పూసేది!”

దాంతో నేను, మహారాజులకు మనవి చేసుకునే ధోరణిలో, ‘రాకపోకలకు అడ్డంగా ఉన్నవన్నీ తక్షణం తొలగించవలెను’ అని ముగించాను. మొదటి వేలిముద్ర నాయనదే.

పంచాయతీ మనుషులొచ్చిన పూట సందులో ఒక్క బండి లేదు, ఒక్క ఆకు లేదు. కబురు ముందే హోటలుకి చేరినట్టుంది. అడ్డంగా మిగిలింది మా కొలిమి ఒక్కటే.

“ఏం సాయిబూ, అర్జీ పెట్టింది నువ్వు, అడ్డంగా ఉండేదీ నువ్వే గదయ్యా!” అని నవ్వుతూనే వాళ్ళ మేస్త్రీ గుంట పూడ్పించాడు. మర్నాటికి బండ్లన్నీ తిరిగొచ్చాయి.

నాయన కొలిమి తిత్తి భుజాన వేసుకుని, దూరానున్న కోట ఊరి దాకా ఊళ్ళెంట తిరిగాడు; ఆ హోటలు గుండిగ ఒక్కటీ ఆయన చేతికి రాలేదు. జీవితమంతా గోరంతను కొండంత చేసి రాసిన నేను, కొండంతను రాయాల్సిన చోట మాత్రం దాని పేరైనా రాయలేకపోయాను.

పోయినేడు వెళ్ళి చూశాను. ఆ సందు ఇప్పుడు రోడ్డయింది, చెత్త లారీ ఎవరికీ తగలకుండా తిన్నగా పోతోంది. దారి పక్కన కూర్చుని బతికే మనిషి మాత్రం ఒక్కడూ లేడు.