బాబాయి దిగని దీవి

బాబాయి పోయారని నాకు ఫోన్ చేసింది, మబేలాలో ఆయనతో ఒకే రూమ్‌లో ఉండే నిజామాబాద్ మేస్త్రి. "అక్కా, పెద్దాయన లేస్తలేడు. పానం పోయింది" అన్నాడు. అప్పుడు నేను డ్యూటీ బస్సులో ఉన్నాను. ఏడవడానికి కూడా ఓపిక లేదు. బస్సు దిగి, నేరుగా వార్డులోకి వెళ్లి, బీపీలు చూడటం మొదలుపెట్టాను.

ఆయన నాకు చుట్టం కాదు. ఈ అరబ్బు దేశంలో, అల్ ఖౌద్‌లోని మా ఫ్లాట్‌లో శుక్రవారం ప్రార్థనకు వచ్చే నర్సులందరికీ బాబాయే. పరాయి దేశంలో బతికిన మీలో చాలామందికి ఇలాంటి బాబాయి ఒకరు ఉండే ఉంటారు. ఈయనది కాకినాడ దగ్గర వేటకు వెళ్లే కుటుంబం. ఇక్కడ ఒక అర్బాబ్ దగ్గర, అంటే అరబ్బు యజమాని దగ్గర, తెరచాప యాట్ మీద పని. డెక్ కడగడం, చాపలు కట్టడం, లంగరు చూసుకోవడం. "గొలుసు మీద చెయ్యేస్తే తెలిసిపోద్దమ్మా. లంగరు పట్టు వదిలితే గొలుసు వణుకుద్ది" అనేవారు. ఆ అలవాటుతో కనిపించిన ప్రతిదాని మీదా చెయ్యి వేసేవారు. మా ఫ్రిజ్ మీద, కుర్చీ మీద, డ్యూటీ నుంచి వచ్చి సోఫాలో కూలబడ్డవాళ్ల తల మీద కూడా. "పట్టు ఉందిలే, లేచి టీ తాగు" అనేవారు.

రెండు వేసవుల కిందట అర్బాబ్ ఆ యాట్‌ను గ్రీసు దీవులకు తీసుకెళ్లారు. అందులో పత్మాసు కూడా ఉందని తెలిసి మేమంతా ఉప్పొంగిపోయాం. బైబిల్లో అపొస్తలుడు చెరలో ఉన్న దీవి, సండేస్కూలు నుంచీ వింటున్న పేరు! "ఒక్క గులకరాయైనా తెండి బాబాయ్" అని వెంటపడ్డాం. బొమ్మలకు మొక్కనివాళ్లం, రాయి కోసం మాత్రం ఎగబడ్డాం.

తిరిగొచ్చిన శుక్రవారం ప్రార్థనలో ఆయన నోరు విప్పకముందే అమలాపురం ఆంటీ లేచి, "పత్మాసులో అడుగు పెట్టి వచ్చారండీ మన బాబాయి!" అంది. చప్పట్లు, హల్లెలూయాలు. ఆయన రుమాలు విప్పి ఒక్కొక్కరికీ ఒక్కో రాయి పంచారు. "అక్కడియ్యేనమ్మా" అన్నారు, అంతే. ఆంటీ ఆపరేషన్‌కు ముందు ఆ రాయిని తలగడ కింద పెట్టుకుని పడుకుంది.

ప్రార్థనకు ఎప్పుడూ ఒకటే తెల్ల చొక్కా. దాని చేతి అంచున గోధుమరంగు మరక. "ఆ టీ మరక ఎప్పటికి పోతుంది బాబాయ్?" అని ఏడిపించేదాన్ని. ఆయన నవ్వి, చొక్కా చెయ్యి పైకి మడిచేసేవారు.

పోయిన నెల మా ఆసుపత్రికి చూపించుకోవడానికి వచ్చి, డాక్టర్ పిలుపు కోసం కూర్చుని, నాతో చెప్పారు.

"నేను దిగలేదమ్మా. కాలు కూడా మోపలేదు."

నాలుగు రోజులు యాట్ ఆ దీవి పక్కనే లంగరు వేసుకుని ఉందట. గాలి తిరుగుతుంటే లంగరు పట్టు వదలొచ్చు, పడవలో ఎవరో ఒకరు ఉండాలి. అర్బాబ్, అతిథులు, కెప్టెన్ రోజూ చిన్న పడవలో ఒడ్డుకు వెళ్లి వచ్చేవారు. నాలుగో రోజు బాబాయి వంతు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి వేసుకున్నారు. అంతలో గాలి ఎక్కువై, వెంటనే బయల్దేరాలని లంగరు ఎత్తమన్నారు. చొక్కా మార్చుకునే వ్యవధి లేదు. లంగరుతో పాటు బురద వచ్చింది, ఆ బురదలో గులకరాళ్లు. మరక టీది కాదు.

"అబద్ధం ఆడలేదు. అలాగని నిజమూ చెప్పలేదు. ఆంటీ దాన్ని తలగడ కింద పెట్టుకున్న కాడి నుంచీ నాకు నిద్ర లేదమ్మా. ఈ శుక్రవారం సాక్ష్యంలో చెప్పేస్తాను, నా పేరు ఎక్కించు."

ప్రార్థనలో లేచి తమ అనుభవం సాక్ష్యంగా చెప్పేవాళ్ల లిస్టు నేనే తయారుచేస్తాను. మూడు వారాలు అడిగారు. మూడుసార్లూ "వచ్చే వారం బాబాయ్" అన్నాను. డబుల్ డ్యూటీలతో ఒళ్లు హూనమై ఉంది. ఆయన ఆ మాట చెబితే ఎన్ని ప్రశ్నలు లేస్తాయో, ఇంకెంతసేపు కూర్చోవాలో అనుకున్నాను. నా అలసట ముందు ఆయన మనశ్శాంతి నాకు చిన్నదిగా కనిపించింది. తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

ఆయన పోయాక వచ్చిన శుక్రవారం లిస్టులో మొదటి పేరు ఆయనదే రాసి, ఆయన బదులు నేను నిలబడ్డాను. అంతా చెప్పాను, నేను వాయిదా వేసిన సంగతి కూడా. ఆంటీ పర్సులోంచి రాయి తీసి చాలాసేపు చూసింది.

"అయితే అందరూ ఒడ్డుకెళ్తే ఈయనొక్కరే ఉండిపోయారా?"

"అవును ఆంటీ."

"ఈయన కాపలా ఉన్నంతసేపూ పడవ కదిలిందా?"

"కదల్లేదు."

ఆంటీ రాయిని మళ్లీ పర్సులో పెట్టుకుంది.

మర్నాడు బాబాయిని పెట్టెలో ఊరికి పంపించాలి. ఆయనకు తొడగడానికి మేస్త్రి ఆ తెల్ల చొక్కా ఉతికి తెచ్చాడు.

"ఎంత రుద్దినా గీ మరక పోతలేదక్కా. కొత్త అంగీ కొనుకరావాల్నా?"

"వద్దు తమ్ముడూ, ఇదే తొడగండి" అన్నాను. "చొక్కా చేతులు మాత్రం మడవొద్దు."