గీత మేస్త్రి

ట్రైలర్ ఎడమ చక్రం ముందు గొంతుక్కూర్చున్న గీత మేస్త్రి కూర్చున్నవాడు కూర్చున్నట్టే కొయ్యబారిపోయాడు. కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. అయినా కనపడేది మారలేదు. చక్రానికి ఉండాల్సిన అయిదు నట్లలో రెండు లేనే లేవు, దారిలో ఎక్కడో రాలిపోయాయి. మిగిలిన మూడింటి మీదా ఆయన తెల్లరంగుతో గీసిన గీతలు ఉన్నాయి గానీ, నట్టు మీది ముక్క ఒక దిక్కు చూస్తుంటే చక్రం మీది ముక్క ఇంకో దిక్కు చూస్తోంది. వేలు పెడితే నట్టు సీసా మూతలా తిరిగింది.

"ఏమైంది మామయ్యా?" అంటూ కోడలు కారు దిగి వచ్చింది.

మేస్త్రి తలెత్తి ముందున్న రోడ్డు వైపు చూశాడు. నాలుగు బారల దూరంలో రోడ్డు ఏటవాలుగా కిందికి దిగుతుంది. ఆ దిగుడు చివర బడి గేటు ఉంది. బడి గంట కొట్టే వేళ అది. పిల్లలు రోడ్డు నిండా నడుస్తున్నారు. ఇంకో రెండు నిమిషాలు కారు ఆగకుండా పోయి ఉంటే ఈ చక్రం ఊడి ఎటు దొర్లేదో ఊహించడానికి మేస్త్రి కానక్కర్లేదు. అది తలుచుకోగానే ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆయన్ని గీత మేస్త్రి అని ఎందుకంటారో తెలియకపోతే ఈ అదురు సంగతి సగమే అర్థమవుతుంది. కాబట్టి ముందు అది చెప్పాలి. బస్సుల డిపోలో ముప్పై నాలుగేళ్లు చక్రాలు బిగించిన మనిషి ఆయన. నట్టు బిగించాక జేబులోంచి చిన్న కుంచె, తెల్లరంగు డబ్బీ తీసి, నట్టు మీద మొదలుపెట్టి చక్రం మీదికి వచ్చేలా ఒక తెల్ల గీత గీసేవాడు. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత రెండు ముక్కలై కనిపిస్తుంది. అంతే, అందులో మంత్రమేమీ లేదు. కానీ ఆయన గీస్తే అది స్కేలు పెట్టి గీసినట్టుండేది. డ్రైవర్లు పొద్దున్నే బస్సు ఎక్కే ముందు వంగి ఆ గీతలు చూసేవారు, మాట్లాడకుండా ఎక్కి కూర్చునేవారు. పానా వేసి చూసిన పాపాన పోలేదు ఎవరూ. ఒక కొత్త డ్రైవరు తెలియక పానా పట్టుకుని వంగితే, మేస్త్రి వాడితో నెల రోజులు మాట్లాడలేదు. ముక్కు మీదే కోపం ఆయనకి.

పని మానేసి ఇంట్లో కూర్చున్నాక ఆ కుంచె ఊరుకుంటుందా? కుళాయి మీద గీత, కుర్చీ కాళ్ల మరల మీద గీత, ఫ్యాను కొక్కెం మీద గీత. "నా నెత్తిన గియ్యలేదు, అదే పదివేలు" అనేది ఆయన భార్య, కనిపించిన ప్రతివాళ్లతోనూ.

కోడలు చేసేది పాత బల్లలూ కుర్చీలూ బాగుచేసి రంగు వేసే పని. ఇంటి వెనక రేకుల షెడ్డులో రోజంతా చెక్కపొట్టులో మునిగి ఉంటుంది. సరుకు చేరవెయ్యడానికి ప్రతిసారీ ఎవరో ఒకరి వ్యాను కోసం బతిమాలుకోవడం విసుగెత్తి, కారు వెనక తగిలించుకునే చిన్న ట్రైలర్ కొనుక్కుంది. విడిభాగాలుగా అట్టపెట్టెల్లో వచ్చింది అది. దానితోపాటు ఒక పుస్తకం కూడా వచ్చింది. కోడలు ఆ పుస్తకం తెరిచేసరికి మేస్త్రి మూతి ముడుచుకున్నాడు.

"చక్రం ఎలా బిగించాలో ఇప్పుడు కాగితం చెప్పాలా నాకు?" అన్నాడు.

"మీకు కాదు మామయ్యా, నాకు. మీరు చేస్తుంటే నేను చదువుకుంటా" అంది కోడలు. లౌక్యం తెలిసిన పిల్ల.

అలా రెండు రోజులు కూర్చుని ఇద్దరూ దాన్ని నిలబెట్టారు. చట్రం కలిపారు, ఇరుసు వేశారు, స్ప్రింగులు బిగించారు, వెనక దీపాలకి వైర్లు లాగారు. మేస్త్రికి పని దొరికితే పదేళ్లు తగ్గుతాయి. కారు వెనకున్న ఇనప గుండు మీద ట్రైలర్ మూతిని కూర్చోబెట్టి, గడియ వేసి, జాకీతో మూతిని పైకి లేపి చూపించాడు. దానితోపాటు కారు వెనక భాగం కూడా లేచింది. "చూశావా? కారు లేచిందంటే పట్టు కుదిరిందన్నమాట. లేవకపోతే ఉత్తుత్తినే కూర్చుందన్నమాట" అన్నాడు. కింద రెండు గొలుసుల్ని ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా వేయించాడు. పట్టు ఊడినా మూతి నేలకి కొట్టుకోకుండా అవి ఊయలలా పట్టుకుంటాయట. బరువు ఇరుసుకి కొంచెం ముందుకే సర్దాలనీ, వెనక బరువైతే ట్రైలర్ కుక్కతోకలా ఊగి కారునే తిప్పేస్తుందనీ చెప్పాడు. పుస్తకంలో ఉన్నదీ అచ్చంగా అదే. కోడలు పైకి అనలేదు గానీ, లోపల మామగారిని చూసి మురిసిపోయింది.

రెండో రోజు మధ్యాహ్నం చక్రాలకు వచ్చారు. చుట్టుపక్కల వాళ్లు ఒక్కొక్కరే వచ్చి చూసిపోతున్నారు. ఎదురింటి దర్జీ ట్రైలర్ చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇక ఇల్లు కూడా వెనక కట్టుకుని ఊరేగవచ్చని వేళాకోళమాడి, తన కారు టైరు పంచరైందని చెప్పి పెద్ద పానా అడిగి పట్టుకుపోయాడు. మేస్త్రి భార్య టీ తెచ్చింది. టీ తాగి మేస్త్రి కుంచె తీశాడు. పొద్దుగుంకక ముందే ఆ చక్రానికి అయిదు, ఈ చక్రానికి అయిదు, పది గీతలు పడ్డాయి. ఒక్కటీ వంకర లేదు.

మర్నాడు ఉదయమే బడివాళ్ల బెంచీలు పన్నెండు ఎక్కించి తాళ్లు బిగించారు. కోడలి ట్రైలర్‌కి అదే మొదటి ప్రయాణం. బయలుదేరే ముందు, కొంచెం దూరం పోయాక ఆగి చక్రాల నట్లు మళ్లీ చూసుకోమని పుస్తకంలో ఉందని కోడలు మెల్లగా అంది.

"గీత ఉంది కదా" అన్నాడు మేస్త్రి. ఆ మాట తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఇంకేమీ అనరు.

సగం దారిలో వెనక నుంచి టకటకమని ఏదో వినపడింది. కోడలు అద్దంలోకి చూసింది. "కొత్త చెప్పులు కిర్రుమనవూ? ఇదీ అంతే" అన్నాడు మేస్త్రి కిటికీలోంచి బయటికి చూస్తూ. ఆవిడ ఇంకొంచెం దూరం ఓర్చుకుంది. దిగుడు దగ్గరికి వచ్చేసరికి ఇక ఆవిడ వల్ల కాలేదు.

"కోప్పడితే కోప్పడండి మామయ్యా. కిందికి దిగేముందు ఒక్కసారి చూసి పోదాం" అని కారు పక్కకి తీసి ఆపేసింది. మేస్త్రి గొణుక్కుంటూ దిగాడు. దిగింది చూడడానికి కాదు, చూపించడానికి.

ఇప్పుడు ఆ ఎడమ చక్రం ముందు కూర్చుని, ఆయన అన్న మొదటి మాట ఏమిటో చెబితే ఆయన మీద జాలి పోతుందేమో గానీ, అన్నది అన్నట్టు చెప్పాలి.

"నువ్వు గానీ వీటిని ముట్టుకున్నావా?"

"నేనెందుకు ముట్టుకుంటాను మామయ్యా?"

"అయితే ఎవడో వచ్చి వదులు చేశాడు."

"రాత్రంతా మన గేటుకి తాళం వేసే ఉంది. పొద్దున నేనే తీశాను."

"అయితే నట్లు నాసిరకం."

"కుడివైపువీ అవే నట్లు కదా."

మేస్త్రి లేచి కుడివైపుకి వెళ్లాడు. అయిదు గీతలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వేలితో తోశాడు, గోటితో గీకాడు. రాయిలా ఉన్నాయి. అవే నట్లు, అదే చెయ్యి. ఆయనకి ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియని కోపం అది.

"నేను బిగించాను" అన్నాడు తిరిగొచ్చి. "నాకు బాగా గుర్తుంది. ఒకటి బిగించి, దాని ఎదుటిది బిగించి, అలా అయిదూ బిగించాను. ఆఖరి నట్టుకి భుజం కలుక్కుమంది కూడా. ఇదిగో, ఇక్కడ."

కోడలు వాదించలేదు. డిక్కీ తెరిచి పెద్ద పానా తెచ్చి ఆయన చేతికిచ్చింది. దానికి పువ్వుల గుడ్డ ముక్క చుట్టి దారంతో కట్టి ఉంది.

"దీనికి ఈ వేషమేమిటి?" అన్నాడు మేస్త్రి.

"దర్జీగారు చుట్టి ఇచ్చారు, గ్రీజు అంటుకుంటుందని. దీపాలు పెట్టే వేళకి తెచ్చారు. నేనే తీసుకుని డిక్కీలో వేశాను."

"దర్జీయా? వాడెప్పుడు పట్టుకుపోయాడు?"

"మీరు కుడి చక్రం పూర్తిచేశాక. మీరే చేతికిచ్చారు మామయ్యా." ఆ తర్వాతి మాట మెల్లగా అంది. "తర్వాత టీ తాగారు. తర్వాత గీతలు గీశారు."

ఆ కొలత పానా ఇంట్లో ఇంకోటి లేదు. అది ఆయనకి కోడలు చెప్పనక్కర్లేదు. ఎడమ చక్రానికి ఆయన నట్లు వేళ్లతో తిప్పి వదిలేశాడు. పానా ఎదురింట్లో ఉండగా, కుంచె ముంచి, ఊపిరి బిగబట్టి, ఒక్కటీ వంకర పోకుండా అయిదు గీతలు గీశాడు.

మేస్త్రి రోడ్డు పక్క మట్టిలో చతికిలబడ్డాడు. చేతిలో పానాని ఎవరి వస్తువో అన్నట్టు చూశాడు. ఆయన నివ్వెరపోయింది మరిచిపోయినందుకు కాదు. కళ్లజోడు ఎక్కడ పెట్టాడో మరిచిపోతాడు, మనవరాలి పుట్టినరోజు మరిచిపోతాడు, దానికేముంది. కానీ జరగనిది గుర్తుందే, దానికేం చెప్పాలి? పానా బరువు చేతికి ఇప్పటికీ తెలుస్తోంది. భుజం కలుక్కుమనడం ఇప్పటికీ తెలుస్తోంది. అదంతా కుడి చక్రం దగ్గర జరిగిందా, ఏ బస్సు కిందనో ఎప్పుడో జరిగిందా? తన తల తనకే అబద్ధం చెబుతుంటే, ఇక ఎవరిని అడగాలి?

ఆ వెంటనే ఇంకొకటి తగిలింది ఆయనకి. ముప్పై నాలుగేళ్లలో ఇలాంటి మధ్యాహ్నం ఇంకోటి లేదని ఎవరు చెప్పొచ్చారు? వంగి గీత చూసి బస్సెక్కిన డ్రైవర్లు, వాళ్ల వెనక నిండా జనం. ఒక్క చక్రమూ ఊడలేదన్నది నిజమే. అది తన చేతి చలవో, వాళ్ల అదృష్టమో, ఇప్పుడు తేల్చి చెప్పేవాళ్లు లేరు.

"బడికి ఫోన్ చెయ్యి. బెంచీలు రేపు వస్తాయని చెప్పు" అన్నాడు లేచి మట్టి దులుపుకుంటూ. "ఈ చక్రంతో దిగుడు దిగేది లేదు. మెల్లగా ఇంటికి తిప్పుదాం."

కోడలు ఫోన్ చేసి, కుడి చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టింది. మేస్త్రి జాకీ ఎత్తి, చక్రం సరిగ్గా కూర్చోబెట్టి, కన్నాలు అరిగాయేమో తడిమి చూశాడు. తర్వాత కుడివైపు నుంచి ఒక నట్టు తీసి ఇటు వేశాడు. అటు నాలుగు, ఇటు నాలుగు. జాకీ దించి, ఒక్కొక్క నట్టు మీదా పానా వేసి, పళ్లు బిగబట్టి లాగాడు. ఎవరూ పిలవలేదు. ఎవరూ టీ తేలేదు. కోడలు పక్కన నిలబడింది. పని అయ్యాక ఆయన చెయ్యి అలవాటుగా జేబులోకి పోయి కుంచె తీసింది. ఆ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఇదిగో, నువ్వు గియ్యి" అన్నాడు.

"మీరు బిగించారు కదా మామయ్యా, మీరే గియ్యండి."

"బిగించాననే అనుకుంటున్నాను. నిన్న కూడా అలాగే అనుకున్నాను." పానా కూడా ఆవిడ చేతిలో పెట్టాడు. "ముందు ప్రతి నట్టూ లాగి చూడు. కదిలితే కదిలిందని చెప్పు. నా మొహం చూసి మింగెయ్యకు."

కోడలు కూర్చుని పానా వేసింది. మొదటి నట్టు కదల్లేదు. రెండోది కదల్లేదు. మూడోదాని మీద బరువు వెయ్యగానే పానా జారినట్టుగా కిందికి వచ్చేసింది. ఆవిడ చేతులు ఆగిపోయాయి. చెప్పకుండా తానే లాగి బిగించేస్తే తీరిపోయేది. ఆయన చూపు రోడ్డు మీద ఉంది, గమనించి ఉండేవాడు కాదు. కానీ దిగుడు కింద బడి గంట వినపడింది. పిల్లలు గేటులోంచి లోపలికి పోతున్నారు.

"మామయ్యా, ఇది కదిలింది."

ఆయన తల తిప్పలేదు. "ఎంత?"

"పావు చుట్టు."

ఆయన ఇప్పుడే బిగించిన నట్టు అది. కళ్లు పెట్టి, మనసు పెట్టి, ఊపిరి పీల్చడం కూడా మానేసి బిగించినది. కోప్పడతాడేమోనని కోడలు ఎదురుచూసింది. ఆయన కోప్పడి ఉంటే ఆవిడకి కాస్త ధైర్యంగా ఉండేది. ఆయన కోప్పడలేదు.

"బిగించు" అన్నాడు. "బిగించి గియ్యి. అటువైపు కూడా చూడు."

ఆవిడ నాలుగోది చూసి, మూడోది బిగించి, కుడివైపు నాలుగూ చూసి వచ్చింది. అవి గట్టిగానే ఉన్నాయి. కుంచె పట్టుకోవడం ఆవిడకి కొత్తేమీ కాదు, కానీ ఆ పూట కుంచె మాట వినలేదు. గీతలు వంకర్లు పోయాయి. ఒకటైతే నట్టు దాటాక దారి తప్పి పక్కకి పోయింది.

"తుడిచి మళ్లీ గియ్యనా మామయ్యా?" అంది.

"వద్దు. ఉండనీ."

కోడలు వెళ్లి స్టీరింగు ముందు కూర్చుంది. మేస్త్రి వెంటనే ఎక్కలేదు. ఎడమ చక్రం దగ్గర మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగాడు, ఆ వంకర గీతల్ని ఒక్కొక్కటే చూశాడు. కుడివైపుకి వెళ్లి అక్కడా అలాగే వంగి చూశాడు. పొద్దున్నే బస్సుల దగ్గర డ్రైవర్లు ఎలా చూసేవారో సరిగ్గా అలాగే చూసి, మాట్లాడకుండా వచ్చి కార్లో ఎక్కి కూర్చున్నాడు.