ఫరీద్ సాబుకు భయమైతుంది

మానుకోట, అదే మన మహబూబాబాద్, ఆడ ఉండే ఫరీద్ సాబుకు భయం. దేనికి భయమని అడగకుండ్రి, దేనికి భయం లేదో అడిగితే జవాబు జల్ది దొరుకుతది. ఉరుముకు భయం, ఉరమని మబ్బుకు ఇంకింత భయం. ఫోన్ మోగితే ఏం వార్తనో అని భయం, మోగకుంటే ఏమైందో అని భయం. పొద్దున లేవంగనే ఆయన అనే మొదటి మాట "ఏమన్న అయితే ఎట్ల?" పండుకునేటప్పుడు అనే ఆఖరి మాట "ఇయ్యాలటికైతే ఏం కాలే." ఈ రెండు మాటల నడుమ ఆయన ఒక ట్రస్టు నడుపుతడు.

భూపాలపల్లి దిక్కు బస్సు నడిపినన్ని దినాలు కూడ గిదే కథ. మహదేవపూర్ రూటుల ఆయన బస్సును సైకిళ్లు దాటిపోయేటియి. వాగు మీద కల్వర్టు వచ్చిందంటే బస్సు ఆపి, దిగి, కిందికెల్లి వంగి చూసి, కాలుతోని తన్ని చూసి, అప్పుడు మల్ల ఎక్కెటోడు. లోపల కూసున్నోళ్లు నోటికొచ్చినట్టు తిట్టెటోళ్లు. పెండ్లికని బయలెల్లినోళ్లు అప్పగింతలకు చేరెటోళ్లు. అయినా సర్వీసంత ఒక్క కోడిపిల్లను సుత తొక్కలేదని ఆయనకు పేరు. కోడిని తొక్కాలంటే బస్సు కోడికన్న జోరుగ పోవాలె గదా అని కండక్టర్లు నవ్వెటోళ్లు.

ట్రస్టు పుట్టింది కూడ భయంతోనే. ఆయన బస్సుల బడికి పోయే ఆడపిల్లలు పదో తరగతి అయిపోంగనే కనపడకపోయేటోళ్లు. ఎర్ర రిబ్బన్ల పిల్ల వస్తలేదు, ఏమన్న అయిందా అని స్టాపు స్టాపుకు దిగి అడిగెటోడు. ఏం కాలే సాబ్, చదువు బందయింది, పై చదువుకు టౌనుకు పోవాలె, ఆడ మనోళ్లు ఎవరున్నరు అని ఊరోళ్లు చెప్పెటోళ్లు. ఏం కాలే అన్న మాట మాత్రం ఆయనకు ఎక్కకపోయేది. రిటైరయినంక వచ్చిన పైసలు పెట్టి, తనసొంటి పాత డ్రైవర్లను ఇద్దరు ముగ్గురిని కూడేసి, తండాల ఆడపిల్లలు ఇంటర్ చదువుకునేటందుకు ఒక హాస్టల్ తెరిసిండు. దాని పేరు అమానత్ విద్యా ట్రస్టు. అమానత్ అంటే ఒకరు మనల నమ్మి, భద్రంగ ఉంచమని మన చేతుల పెట్టింది.

రిజిస్ట్రేషన్ నాడు దస్తావేజు రాసే ఆయన "మేనేజింగ్ ట్రస్టీ మరణించిన పక్షంలో" అని గట్టిగ చదివిండు. సాబు లేసి బయటికి పోయి, చాయ్ తాగి, మల్ల లోపలికొచ్చి ఆ ముక్క తీసెయ్యమన్నడు. అట్ల తియ్యరాదు, అది ప్రతి ట్రస్టుల ఉండేదే అన్నడు రాసే ఆయన. ఇద్దరికి శానసేపు వాదమయి, ఆఖరుకు "అందుబాటులో లేని పక్షంలో" అని రాసుకొని రాజీ పడ్డరు. గట్లయితే ఎటన్న ఊరికి పోయినట్టుంటది అని సాబు నిమ్మళంగ సంతకం పెట్టిండు.

హాస్టల్ సంగతి ఇంక చెప్పొద్దు. మెట్లుంటే పిల్లలు జారుతరని కింది పోర్షన్ ఒక్కటే కిరాయికి పట్టిండు. ఒక్కో ఫ్యాను కింద పిల్లలకంటె ముందుగాల తానే పండుకొని చూసిండు, పడితే తన మీదనే పడాలెనట. ఆడ వంట చూసుకునేది ఆయన భార్య రబియా బీ. ఏ కూర దించినా మొదలు సాబే తినాలె, తిని కడుపు మీద చెయ్యి పెట్టుకొని కుర్చీల కూసుండాలె. పిల్లలు పళ్లాలు పట్టుకొని ఆయన మొఖం దిక్కే చూస్తుంటరు. "బతికే ఉన్నరు గదా, పెట్టమంటరా?" అని రబియా బీ గరిటె లేపి అడుగుతది. జర ఆగమంటడు ఆయన. ఆ హాస్టల్ల వేడి కూర తిన్న పిల్ల ఇప్పటిదాక లేదు.

ఈ సాబు కాడికి జనగామ పిల్ల విజయ మేనేజరుగ వచ్చింది. సోషల్ వర్క్ చదివింది, పనిల చురుకు, మాటల నెమ్మది. సాబు మంచోడని ఆమెకు తెలుసు, గని నలుగుర్ల ఆయన పక్కన కూసోవాలంటే తల ఎక్కడ పెట్టుకోవాలెనో తెలవది. ఒకపారి హైదరాబాద్ నుంచి చందా ఇచ్చే పెద్దమనుషులు వచ్చి, రాబోయే ఐదేండ్లల్ల ట్రస్టు ఎట్లుండాలె అనుకుంటున్నరు అని అడిగిన్రు. ఐదేండ్లు అన్న మాట వినంగనే సాబు గుండె పట్టుకున్నడు. ఈ వానకాలం ఎవ్వరికి ఏం కాకుంటే చాలు సార్, ఐదేండ్ల ముచ్చట నాతోని తియ్యకుండ్రి అన్నడు. వచ్చినోళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకొని చాయ్ సగం వదిలి లేసిన్రు. ఇంక బయటి పనికి ఈయనను తీసుకపోవుడు లేదని విజయ ఆనాడే ఒట్టు పెట్టుకున్నది.

గప్పుడొచ్చింది నీలి సంగతి. కొత్తగూడ అడివి లోపలి తండా పిల్ల, మంచి మార్కులతోని పది పాసయింది. మానుకోట కాలేజీల సీటు వచ్చింది, హాస్టల్ల జాగ సుత ఉన్నది. శుక్రవారం సాయంత్రంలోపట చేరకుంటే సీటు ఇంకొకరికి పోతది. బుధవారం పొద్దున నీలి తన తల్లి ఫోన్ల నుంచి విజయతోని చిన్నగ మాట్లాడింది, మా బాపు పంపనంటుండు మేడం, మీరొచ్చి చెప్తరా అని. ఇయ్యాలనే వస్త అన్నది విజయ.

సాబుకు ఒక్క ముక్క చెప్పకుండ ఆటో మాట్లాడుకొని పోయింది. నీలి తండ్రి హీర్యా వాకిట్ల మంచమేసి కూసొమన్నడు. తండా మొగోళ్లు నలుగురైదుగురు చుట్టు చేరిన్రు. తల్లి గోరీ దర్వాజ కాడ నిలబడ్డది. విజయ ఫోన్ తీసి ఒక్కొక్క ఫొటో చూపెట్టింది. ఇది కాంపౌండ్ గోడ, పైన గాజుపెంకులు. ఇది ఇనుప గేటు, పొద్దుమూకితే తాళం. ఇవి కెమెరాలు.

"గింత పెద్ద గోడ ఎందుకు మేడం?" అన్నడు హీర్యా.

"పిల్లల రక్షణకు అన్నా."

"ఎవరి నుంచి?"

విజయ ఫోన్ల ఇంకో ఫొటోకు జరిపింది. ముచ్చట మారుద్దామని, దవాఖాన పక్క గల్లీలనే ఉంది, ఎప్పుడైనా డాక్టర్ దొరుకుతడు అన్నది. పిల్లలు గంత మాటిమాటికి దవాఖానకు పోతరా అని చుట్టున్న మొగోళ్లల్ల ఒకాయన అడిగిండు. హీర్యా మొఖం అప్పటికే నల్లబడ్డది. పత్తి గింజలు పెట్టే పనుంది మేడం, పిల్ల లేకుంటే నడవది అన్నడు. పిల్ల ఒక్కతి పెట్టే గింజలు ఎన్ని, కూలి మనిషిని పెట్టుకోరాదా అన్నది విజయ. అయితే మేకలున్నయి అన్నడు. మేకలను పక్కింటోళ్లు తోలుకపోతరు గదా అంటే, ముసలమ్మకు కండ్లు కనపడయి, పిల్లనే చెయ్యి పట్టుకొని తిప్పాలె అన్నడు. విజయ ఒక్కో అడ్డు తీసేసుకుంట పోతుంటె ఆయన ఇంకోటి తెచ్చి పెట్టుకుంట పోయిండు. ఆ మంచం మీద వాళ్లు పొద్దంత కూసున్నా తెగే బేరం కాదది.

విజయ ఆటో ఎక్కుతుంటె నీలి ఎనకాలనే వచ్చింది. ఏడ్వలే, బతిమాలలే. ఇంక రారా మేడం అని మాత్రం అడిగింది. విజయ ఆటో ఎక్కి కూసున్నది. ఆటో అడివిల పడ్డంక ఆమెకు నిజంగ భయమయింది. సీటు పోతది, పిల్ల ఆడనే ఆగిపోతది, ఇంక రెండు రోజులే ఉన్నయి, నేను పోయి ఉన్న పనంత చెడగొట్టిన అనుకున్నది.

గురువారం పొద్దున సిగ్గు విడిసి సాబుకు అంత చెప్పింది. సాబు చాయ్ గ్లాసు కింద పెట్టి, అడివి తొవ్వ, మబ్బు పట్టింది, వాగొస్తే నడుమల చిక్కుతం, మొన్న ఆ దిక్కు పులి అడుగులు చూసిన్రట అని మొదలుపెట్టిండు. నోరు ఇయ్యన్ని చెప్తనే ఉంది, కాళ్లు మాత్రం చెప్పులు తొడుక్కుంటున్నయి. తొవ్వల కల్వర్టు వచ్చినకాడల్ల ఆటో ఆపించి దిగిండు. ఇట్ల పోతే తండా చేరే వరకు దసరా వస్తదని ఆటో అతను గునిసిండు. ఈయనను తీసుకపోయి ఇంకేం చేసుకుంటనో దేవుడా అనుకున్నది విజయ.

మల్ల అదే మంచం, అదే మొగోళ్లు. సాబు నీళ్లు తాగిండు, మొఖం తుడుసుకున్నడు, హీర్యా దిక్కు చూసిండు.

"హీర్యా నాయక్, నాకు భయమైతుందయ్యా. మీ బిడ్డను తీసుకపోవాలంటే నాకు మస్తు భయమైతుంది."

విజయ కండ్లు మూసుకున్నది. ఇంక అయిపోయింది, సీటు పోయింది అనుకున్నది. సాబు మాత్రం ఆగలే. ఎక్కడిదో హాస్టల్ల అన్నం తిని పిల్లలు దవాఖానల పడ్డరని ఫోన్ల వీడియో వచ్చింది, అది చూసిన కాడినుంచి నా గొంతుల ముద్ద దిగుతలేదు అన్నడు.

హీర్యా తలకాయ లేపిండు. "గది నేను సుత చూసిన సాబ్" అన్నడు. దర్వాజ కాడ గోరీ ఉలిక్కిపడి, మొగని దిక్కు చూసి వాళ్ల భాషల ఏందో అడిగింది. ఆ వీడియో సంగతి ఆమెకు సుత చెప్పలేదన్నట్టు ఆయన తల అడ్డం ఊపిండు.

సాబు ఇంక ఒకటెనక ఒకటి ఇప్పుకుంట పోయిండు. కొత్త జాగ, నడిరాత్రి లేసి తల్లికోసం ఏడిస్తే ఎట్ల. ఊర్లె రైలు పట్టాలున్నయి, దాటబోతే ఎట్ల. జ్వరమొస్తే, ఆ జ్వరం నాకు చెప్పకుండ దాసిపెడితే ఎట్ల. హీర్యా కాసేపు ఇన్నడు. తర్వాత ముసలాయన చేతులు వణుకుడు చూసి, జరిగి పక్కకొచ్చి కూసున్నడు.

"మా నీలి ఏడువది సాబ్. అడివిల మేకలను ఒక్కతే తోలుకపోయి వస్తది. పట్టాలు ఎందుకు దాటుతది, చెప్తే వినే పిల్ల."

"జ్వరమొస్తే?"

"నాకు ఫోన్ కొట్టు. బండి మీద వచ్చి పడ్త. నువ్వు గింత పరేషాన్ అయితే ఎట్ల?"

చుట్టున్నోళ్లు సుత అందుకున్నరు. ఊరంటే గంత భయం ఎందుకు సాబ్, మంది బతుకుతలేరా అన్నడొకాయన. గోరీ ముంతల మజ్జిగ తెచ్చి తాగమన్నది, మేం ఐతారం ఐతారం వచ్చి చూసిపోతం, మీరు ధైర్యంగుండాలె అన్నది. కాసేపటికి తండా తండంత కలిసి ఫరీద్ సాబుకు ధైర్యం చెప్తుంది.

"అయితే తీసుకపొమ్మంటవా?" అన్నడు సాబు, ఇంకా నమ్మకం కుదరనట్టు.

"తీసుకపో సాబ్. నేనున్న గదా. ఏం కాదు."

విజయ నోరు ఊరుకోక, మరి పత్తి గింజలు ఎట్ల అన్నా అని అడిగింది. ఏ పత్తి అన్నట్టు చూసిండు హీర్యా. పత్తిదేముంది మేడం, పెడ్తం అన్నడు. లోపల నీలి అప్పటికే బట్టలు సంచిల కుక్కుతుంది.

వచ్చేటప్పుడు సంచి ఒళ్లె పెట్టుకొని నీలి ముందటి సీట్ల కూసున్నది. విజయ ఎనక సీట్ల మెల్లగ అడిగింది, నిజంగ భయపడ్డరా సాబ్, నాటకమాడిన్రా అని. సాబు మనసు చిన్నబోయింది. నాటకమెక్కడిది బేటీ, చూడు, చెయ్యి ఇంక వణుకుడు ఆగలే అని చూపెట్టిండు.

"మొగోడు నలుగుర్ల కూసోని, నా బిడ్డను పంపాలంటే భయమైతుందని అంటడా? అనడు. పత్తి అంటడు, మేకలంటడు. నాకు ఆ సిగ్గు లేదు, నేను అంట. ఎవరో ఒకరు ముందుగాల అనాలె గదా."

గంతే చెప్పి, ఆటో జోరుగ పోతుందని డ్రైవర్ మీద పడ్డడు.  తాను నిన్న హీర్యా చెప్పిన అడ్డులన్ని తీసేసింది గని, ఆయన మొఖం దిక్కు ఒక్కపారి సుత సరిగ చూడలేదని విజయకు అప్పుడు తెలిసొచ్చింది.

శుక్రవారం పగటీలి నీలి కాలేజీల చేరింది. ఆనాడు రాత్రి అన్నాలయినంక విజయ ఫోన్ మోగింది. అవుతల హీర్యా.

"మేడం, సాబు అన్నం తిన్నడా?"

తిన్నడని చెప్పింది విజయ.

"భయపడ్తుండా?"

సాబు కుర్చీల కూసోని గురక పెడ్తుండు. గదే చెప్పబోయింది విజయ. అంతల ఏదో తట్టి ఆగింది.

"మస్తు భయపడ్తుండన్న. నీలి కొత్త జాగల పండుకుంటదో లేదో అని."

 హీర్యా చెప్పుడు మొదలుపెట్టిండు. "పండుకుంటదని చెప్పు. గోడ దిక్కు మర్రి పండుకుంటది. దుప్పటి మొఖం మీద కప్పుకోకుంటే నిద్ర రాదు దానికి, గది కప్పుకోనియ్యమను." ఇంకేదో అడగాలని ఉంది, నోరు వస్తలేదు. ఆఖరుకు అడిగిండు. "సాబు ఇప్పుడేం చేస్తుండు మేడం?"

విజయ కిటికీల నుంచి లోపలి గదిల చూసింది. నీలి మంచం మీద కూసోని కొత్త పుస్తకాలకు అట్టలేసుకుంటుంది.

"సాబు కొత్త పుస్తకాలకు అట్టలేసుకుంటుండన్న. పక్క మంచం పిల్లతోని ముచ్చట్లు పెట్టి నవ్వుతుండు. పొద్దుమూకి రెండుపార్లు అన్నం పెట్టించుకున్నడు."

"రెండుపార్లా?"

"అవునన్న. రెండోపారి పెరుగుతోని."

హీర్యా ఫోన్ పక్కకు పెట్టి వాళ్ల భాషల గోరీకి చెప్తుంటె, ఆమె నవ్వు విజయకు సాఫ్ వినపడ్డది. మల్ల ఫోన్ చెవుకు పెట్టుకున్నడు.

"మంచిది మేడం. సాబును మంచిగ చూసుకోండ్రి. రేపు మల్ల చేస్త, ఆయన సంగతి అడుగుతందుకు."