రాహుకాలం మేనేజరు

కుర్రతనంలో నాకు రెండే భయాలుండేవి. నలుగురూ నవ్వుతారేమోనని ఒకటి, మామ కూతురు నవ్వదేమోనని ఇంకొకటి. (దేవుడి భయం, ఆకలి భయం తరవాత వచ్చాయి.) ఈ రెండు భయాల మధ్య పడి ఒక ఫుట్‌బాల్ జట్టు ఎలా నలిగిపోయిందో మా ఊళ్ళో ఎవరికీ సరిగా తెలియదు. తెలుసనుకుని, ఇన్నేళ్ళుగా మా మేనమామను 'రాహుకాలం మేనేజరు' అని పిలిచి నవ్వుకుంటున్నారు. పోయిన నెల ఆయన పోయాడు. ఆ పేరు మాత్రం పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

బంగారు గనులు మూతపడ్డాక చాంపియన్ రీఫ్స్‌లో మిగిలినవి కూలీల లైను ఇళ్ళు, తుప్పు పట్టిన షాఫ్టులు, ఫుట్‌బాలు. చీకటితో బెంగళూరు రైలెక్కి, చీకట్లోనే దిగే మగవాళ్ళ ఊరు మాది. అలాంటి ఊరి జట్టుకు, వేమగల్ దగ్గర ఫ్యాక్టరీ పెట్టిన ఒకాయన నెలజీతాలిచ్చి పోషిస్తానన్నాడు. ఒకటే షరతు, బాధ్యతగల జనరల్ మేనేజరు ఒకడుండాలి. ఆ పని న్యాయంగా సైరన్ అన్నకు రావాలి. పాత కెప్టెన్. (మైదానంలో ఆయన కేక వేస్తే, గని సైరనేమోనని ముసలివాళ్ళు టిఫిన్ క్యారియర్ వెతుక్కునేవాళ్ళు.) గని పోయాక బెంగళూరులో వాచ్‌మన్‌గా చేరాడు. "ఈ పని వస్తే ఇంగ నాకు రైలు వద్దు తమ్ముడూ. నా బిడ్డ నన్ను వెలుతుర్లో చూసి యెన్నాళ్ళయిందో" అన్నాడు. "నా ఓటు నీకేనన్నా" అన్నాను.

నాకు ఓటెలా వచ్చిందంటారా? బంతి తన్నడం రాకపోయినా (నేను ఆడితే లాభం ఎదుటి జట్టుకే), ఇంగ్లీషులో ఉత్తరాలు రాస్తానని కమిటీలో వేసుకున్నారు. అందులో సగం క్యాథలిక్కులు, సగం ప్రొటెస్టెంట్లు, నడుమ నేను. సైరన్ అన్న క్యాథలిక్కు. పోటీకి నిలిచిన రిటైర్డ్ డ్రిల్లు మాస్టరు ప్రొటెస్టెంటు. తగాదా ఆట గురించి కాదు, ఆదివారం ప్రాక్టీసు గురించి. క్యాథలిక్కుల పూజ పొద్దున్నే, ప్రొటెస్టెంట్ల ఆరాధన ఆ తరవాత. మేనేజరు ఏ చర్చివాడైతే ఆ చర్చికి వీలైనప్పుడే బంతి లేస్తుందని ఇద్దరికీ అనుమానం. ఓట్లు సమానమయ్యాయి. అందరూ నా వైపు తిరిగారు. నేను చెయ్యెత్తాలి, అంతే. నోరెత్తాను. "ఈ గొడవంతా ఎందుకు? మా మామను పెడితే ఎవరికీ నొప్పి ఉండదు కదా!"

మామకు బజారులో బెల్లం, ధాన్యం అంగడి. మేనేజరు పదవి ఇప్పించిన అల్లుడికి పిల్లనివ్వడా అని నా లెక్క. మనవాడు రాకపోయినా పరవాలేదు, వాళ్ళవాడు రాకుంటే చాలని రెండు పక్షాలూ చప్పట్లు కొట్టాయి. "నాకేం తెలుసురా, నన్నేల లాగుతావు?" అంటూనే మామ వచ్చాడు. "మన డిఫెన్సు వీకు. ఏం చేస్తారు?" అని ఒకాయన పరీక్ష పెట్టాడు. మామ గడ్డం గోక్కుని, "వెనకుండేటోళ్ళు ఎప్పుడూ వెనకనే ఉంటారా అప్పా? ఓపికపడితే ముందరికి వస్తారు" అన్నాడు. కమిటీ మొత్తం తలలూపింది. బయట సైరన్ అన్న నా భుజం తట్టి, "మంచోడేలే మీ మామ. రేపు పొద్దున రైలు ఉండాది, వస్తా" అని వెళ్ళిపోయాడు.

మొదటి మ్యాచ్ ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు. ఫ్యాక్టరీ ఆయన కూడా వస్తున్నాడు. మామ నన్ను ముందుగానే పిలిచి, "ఆ పొద్దుకు రాహుకాలం తగులుతుందిరా. నా చేతిమీద మొదటి పని. నాలుగుకే మొదలుపెట్టమని అడుగు. బంతి ముందే కదిలితే చాలు, తక్కింది దేవుడు చూసుకుంటాడు" అన్నాడు. ఎంత చిన్న కోరిక! కానీ కమిటీ ముందు రాహుకాలం అనే మాట నా నోట వస్తే ఎంత నవ్వుతారో అని నాకు ప్రాణం చచ్చింది. "చెప్పినావా?" అని మామ అడిగితే, "చెప్పినాను మామా, ఒప్పుకొన్నారు" అన్నాను. అప్పుడే మామ కూతురు కాఫీ తెచ్చింది. అబద్ధానికి చక్కెర సరిపోయింది.

ఆదివారం నాలుగుకే మామ జట్టు పిల్లల్ని తయారుచేసి మైదానం పక్క షెడ్డులో నిలబెట్టాడు. ఎదుటి జట్టు తాపీగా వచ్చింది. నాలుగున్నరకు రెఫరీ పిలిచేసరికి మామ తలుపుకు అడ్డంగా చేతులు చాచాడు. "ఆరు దాకా ఒక్కడు బయట కాలు పెట్టకూడదు!" జీతమిచ్చే జట్టుకు మేనేజరు, కాదనేదెవరు? ఆట చూడ్డానికొచ్చిన సైరన్ అన్న పరుగెత్తుకొచ్చాడు. "మామా, ఆలస్యమైతే మ్యాచ్ వాళ్ళకే ఇచ్చేస్తారు!"

"నాలుగుకని ఒప్పుకొని, ఇప్పుడు రాహుకాలంలో దించేదేల?" అంటూ మామ నా వైపు చూశాడు. నేను వంగి బూటు లేసు కట్టుకున్నాను. (ఆ రోజు వేసుకున్నది చెప్పులు.) మామకు అంతా అర్థమైంది. తలుపు మాత్రం వదల్లేదు.

ఆరింటికి పక్కకు జరిగి, "ఇప్పుడు ఆడుకోండప్పా!" అన్నాడు. ఎవరితో? మ్యాచ్ వాళ్ళకిచ్చేసి రెఫరీ వెళ్ళిపోయాడు. గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీంచి లేచిన దుమ్ము ఒక్కటే మైదానంలో ఆడుతోంది. "గడియలు చూసుకునే జట్టు నాకొద్దు" అని ఫ్యాక్టరీ ఆయన కారెక్కాడు. ఏడవాల్సిన జనం నవ్వారు. నేనూ నవ్వాను.

మామ నా అబద్ధం సంగతి ఎవరికీ చెప్పలేదు. కూతుర్ని క్యాసంబళ్ళిలో బట్టల అంగడివాళ్ళకిచ్చాడు. నేను సిగ్గు విడిచి అడిగితే, "అబద్ధం ఆడినావు, సరే, వయసనుకొన్నా. వాళ్ళంతా నన్ను చూసి నగితే నువ్వూ నగినావే నాయనా. రేపు నా బిడ్డను చూసి నగితే నువ్వు యాడ నిలబడతావు?" అన్నాడు.

పోయిన నెల పాడె దగ్గర ఎవడో గడియారం చూసి, "రాహుకాలం దాటిందా? ఎత్తచ్చునా?" అన్నాడు. అందరి మొహాల్లోనూ నవ్వు కదిలింది. ఈసారి నాకు నవ్వు రాలేదు. సైరన్ అన్నను పక్కకు పిలిచి అంతా చెప్పేశాను. తలంతా నెరిసినా ఆయన ఇంకా ఆ రైలే ఎక్కుతున్నాడు. "నాకు చెప్తే ఏమొస్తుందిరా? నగినోళ్ళకు చెప్పు" అని లేచాడు. "రేపు పొద్దున రైలు ఉండాది."

నగినవాళ్ళందరికీ అందుకే ఇది. ఇవాళ ఆదివారం. శకునాలంటే నాకిప్పటికీ నమ్మకం లేదు. అయినా నాలుగు కొట్టగానే కూర్చుని మొదటి వాక్యం రాశాను. బంతి ముందే కదిలింది మామా. మరీ ఆలస్యంగా కదిలింది, అంతే.