నాయిన నెత్తురుకు ముప్పై ఎనిమిదేళ్లు

ఆడవాళ్ల వయసు, మగవాళ్ల జీతం అడగకూడదంటారు. భివండిలో ఈ సామెత తలకిందులు. ఎవరికి ఎంత జీతమో కామత్‌ఘర్ గల్లీ అంతటికీ తెలుసు. మగవాళ్ల అసలు వయసే ఎవరికీ తెలియదు. యాభై దాటినవాడికి సాంచెలు, అంటే మరమగ్గాలు, అప్పగించడానికి సేట్లు ఇష్టపడరు. సాంచెలు పోతే ఇక మిగిలేది కాల్హేర్ గోదాముల్లో మూటలు మోయడమే. అందుకే మా నాయిన ప్రతి శుక్రవారం, సెలవు రోజున, జుట్టుకూ మీసానికీ రంగు వేసుకునేవాడు.

నేను బీఎస్సీ చదివే రోజుల్లో మా సారు ఒక పరిశోధన మొదలుపెట్టారు. ఒళ్లు అలిసినప్పుడు కణాలకు జరిగే నష్టాన్ని శరీరమే అడ్డుకుంటుందట. ఆ రక్షణ ఆడవాళ్లకూ మగవాళ్లకూ, పడుచువాళ్లకూ పెద్దవాళ్లకూ ఎలా మారుతుందో ఆయన చూడాలనుకున్నారు. చెక్క పీట ఎక్కి దిగమనడం, ముందోసారి, తర్వాతోసారి రక్తం తీయడం. వివరాలు రాసే పని నాది. మనుషులను తెచ్చే పనీ నాదే కాబట్టి ముందు మా అమ్మానాయినలనే తెచ్చాను.

సేటు కార్ఖానా వాకిట్లోనే బల్ల వేశాం. కార్మికులకు సాంచెలు పంచే ముకద్దం పక్కనే నిలబడ్డాడు.

"వయసు?" అన్నాను, తెలిసి తెలిసి.

"ముప్పై ఎనిమిది," అన్నాడు నాయిన, నా వైపే చూస్తూ.

ఆయనకు యాభై రెండు. అయినా పడుచు మగవాళ్ల జాబితాలో రాశాను.

నూలు కండెలు చుట్టే మా అమ్మకు ఇదేమీ పట్టలేదు. నలభై ఏడని నిజమే చెప్పేసింది. ముకద్దం పకపకా నవ్వాడు.

"ఏందక్కా, మొగని కంటె నువ్వే పెద్దదానివా?"

అమ్మ తడుముకోలేదు. "అవు మరి. నేనే సాది పెద్దచేసిన."

అందరూ నవ్వారు. నేను గబగబా తర్వాతి పేరు పిలిచాను.

నెల తర్వాత సారు కాగితాల్లో నాయిన పేరు మీద వేలు పెట్టి ఆగారు. "ఈయన పడుచువాడే కదా, పీట దిగాక రక్షణ పెరగనే లేదేం? వయసు సరిగ్గానే రాశావా?" అని మరాఠీలో అడిగారు. సరిగ్గానే రాశానన్నాను. ఆయన ఆ వరుస కొట్టేశారు. సిగ్గేసింది. నాయిన పని నిలిచిందని అంతకంటే ఎక్కువ సంతోషమూ వేసింది.

ఆ సాయంత్రం నాయిన కాళ్లు బారజాపుకుని, పిక్కలు పిసుక్కుంటూ, ఏమీ పట్టనట్టు అడిగాడు.

"ఏమన్నడు బిడ్డా మీ సారు? నా నెత్తురు ఎట్లున్నదట?"

ఇంట్లో ముకద్దం లేడు, నిజం చెప్పొచ్చు. కానీ ఆయన మొహం చూశాక చెప్పబుద్ధి కాలేదు.

"పడుచోని నెత్తురే అన్నరు నాయినా."

ఆయన మీసం దువ్వుకున్నాడు. మరునాడు పొద్దున్నే ముకద్దం దగ్గరికి పోయి, నాలుగు సాంచెలు నడిపేవాడల్లా ఆరింటికి ఒప్పుకుని వచ్చాడు.